ఎనిమిదో స్థానాన్ని ఓటమి ఖాతాలో వేయకండి

కేంద్ర యువజన వ్యవహారాలు, క్రీడల శాఖ మంత్రి గారికి నమస్కారం.

పారా కనోయింగ్ (వైకల్యం ఉన్నవారి తెడ్డు పడవ పందేలు) క్రీడాకారిణి ప్రాచీ యాదవ్ పేరు మీ శాఖకు కొత్త కాదు. అర్జున అవార్డుతో ఆమెను సత్కరించింది కేంద్ర ప్రభుత్వమే. పతకాల పట్టికను కాసేపు పక్కన పెట్టి, ఆమె ఇన్నేళ్ల ప్రయాణాన్ని వరుసగా ఒకసారి చూడమని కోరడానికే ఈ లేఖ రాస్తున్నాను.

గ్వాలియర్‌కు చెందిన ప్రాచీ మొదట పారా ఈత క్రీడాకారిణి. ఆమె పొడవైన చేతులను గమనించిన కోచ్ సలహాతో 2018 ప్రాంతంలో తెడ్డు పట్టారు. సాధన భోపాల్‌లోని ఛోటా తాలాబ్ అనే సరస్సులో. 2021లో జరిగిన టోక్యో పారాలింపిక్స్‌లో మహిళల వీఎల్2 (‘వా’ అనే పడవ పోటీలో వైకల్య స్థాయిని బట్టి ఒక విభాగం) 200 మీటర్ల ఫైనల్‌కు చేరి ఎనిమిదో స్థానంలో నిలిచారు. పారాలింపిక్ కనోయింగ్‌లో మన దేశం తరఫున బరిలోకి దిగిన తొలి వ్యక్తి ఆమే. 2022లో పోలండ్‌లోని పోజ్నాన్‌లో ప్రపంచ కప్ కాంస్యం గెలిచారు. 2023 అక్టోబరులో హాంగ్‌జౌ ఆసియా పారా క్రీడల్లో వీఎల్2లో రజతం, మరునాడే కేఎల్2 (కయాక్ పడవ పోటీలో అలాంటి విభాగం)లో స్వర్ణం. 2024 పారిస్‌లో మళ్లీ ఫైనల్, మళ్లీ ఎనిమిదో స్థానం.

హాంగ్‌జౌలో ఆ రెండు రోజులు ఆమె చేసిన పని ఎంత కష్టమో చెప్పాలి. వీఎల్ పోటీ పక్కన నిలకడ కోసం తేలే భాగం కట్టిన పడవతో జరుగుతుంది. ఒకవైపే తెడ్డు వేయాలి, చుక్కాని ఉండదు, దారి తప్పకుండా చూసుకునేది కూడా ఆ తెడ్డుతోనే. కేఎల్ పోటీ కయాక్‌తో. అందులో రెండంచుల తెడ్డుతో ఇరువైపులా వేయాలి. మామూలు కయాక్ పోటీల్లో పాదాల దగ్గరి పలకను కాళ్లతో తన్నడం నుంచి కూడా బలం పుడుతుంది. కాళ్లు పూర్తిగా సహకరించని విభాగంలో ఆ బలాన్ని నడుము, వీపు, భుజాల నుంచి తీసుకురావాలి. పడవ వేరు, పట్టు వేరు, ఊపు వేరు. ఈ రెండింటిలోనూ వరుస రోజుల్లో ఆసియా పతకాలు తెచ్చిన క్రీడాకారిణిని పారిస్ తర్వాత చాలామంది ‘పతకం రాలేదు’ అనే ఒక్క ముక్కతో తేల్చేశారు. నాకు బాధ కలిగించింది అదే.

200 మీటర్ల పోటీలో ఫలితం నిమిషానికి అటూ ఇటూగా తేలిపోతుంది. మనిషి తయారు కావడానికి మాత్రం ఏళ్లు పడుతుంది. జర్మనీ కయాక్ క్రీడాకారిణి బిర్గిట్ ఫిషర్‌ను చూడండి. 1980 మాస్కోలో 18 ఏళ్ల వయసులో తొలి ఒలింపిక్ స్వర్ణం, 2004 ఏథెన్స్‌లో 42 ఏళ్ల వయసులో చివరిది. మొత్తం 8 స్వర్ణాలు, 4 రజతాలు. మధ్యలో తూర్పు జర్మనీ బహిష్కరణ వల్ల 1984 ఒలింపిక్స్ చేజారాయి. ఇద్దరు పిల్లల తల్లి అయ్యారు, విరమణ ప్రకటించి కూడా తిరిగి వచ్చారు. పతకం లేని సంవత్సరాలను చూసి ఎవరైనా ఆమె పేరు కొట్టేసి ఉంటే ఆ చరిత్రలో సగం ఉండేది కాదు.

మన దగ్గర కొనసాగింపు లేకపోవడం ఎంత ఖరీదైనదో కూడా చూశాం. 1994 హిరోషిమా ఆసియా క్రీడల్లో సీ2 (ఇద్దరు నడిపే కనో పడవ) 1000 మీటర్లలో సిజీ సదానందన్, జానీ రోమెల్ కాంస్యం గెలిచారు. కనోయింగ్‌లో తర్వాతి ఆసియా క్రీడల పతకం 2023లో వచ్చింది, అదే పోటీలో, అర్జున్ సింగ్, సునీల్ సింగ్ సలాం చేతుల మీదుగా. ఇరవై తొమ్మిదేళ్లు! ఆ మధ్యకాలంలో దేశంలో బలమైన భుజాలు లేవనుకోవాలా? సునీల్ మణిపూర్‌లోని లోక్‌తక్ సరస్సు ప్రాంతం నుంచి వచ్చినవారు. నీటి మీద పెరిగే పిల్లలు మనకు ఎప్పుడూ ఉన్నారు. వారిని పోటీ పడవ దాకా తీసుకువెళ్లే దారే తెగిపోతూ వచ్చింది.

మంత్రి గారూ, నేను ప్రధానంగా అడుగుతున్నది ఒక్కటే. స్ప్రింట్ కనోయింగ్ (నిలకడ నీటిలో వేగ పందేలు), పారా కనోయింగ్ క్రీడాకారులకు ఇచ్చే మద్దతును ఒక్కో పోటీ ఫలితాన్ని బట్టి కాకుండా కనీసం రెండు ఒలింపిక్ చక్రాలకు, అంటే ఎనిమిదేళ్లకు ఖాయం చేయండి. ఫైనల్‌కు చేరినవారిని తదుపరి చక్రానికి తప్పకుండా కొనసాగించండి. పతకం వచ్చాక ఇచ్చే నజరానా మంచిదే, కానీ పడవ కావలసింది దానికి ఎన్నో ఏళ్ల ముందు. ఒక్కరే నడిపే కయాక్ 12 కిలోలకు తగ్గకూడదన్నది నియమం. ఆ కనీస బరువుకు దగ్గరగా ఉండే మేలైన పడవ సామాన్య కుటుంబం కొనగలిగేది కాదు.

దాంతోపాటు నీళ్లు కావాలి. అంతర్జాతీయ పోటీల్లో ఒక్కో లేన్ వెడల్పు 9 మీటర్లు. తేలుడు బంతులతో గుర్తించిన అలాంటి లేన్లు కొన్నిటినైనా అనువైన జలాశయాల్లో ఏడాది పొడవునా ఉంచండి. తెలుగు రాష్ట్రాల్లోనే చూడండి, నీళ్లకు కొరత లేని జలాశయాలు ఎన్ని ఉన్నాయో. సాధన వేళల్లో విహార మోటారు పడవలను అటు రానివ్వకండి, వాటి అలలకు సన్నటి పోటీ పడవ నిలవదు. చక్రాల కుర్చీ నీటి అంచు దాకా వెళ్లే ర్యాంపు, నీటి మట్టంతో పాటు లేచీ దిగే తేలియాడే జెట్టీ తప్పనిసరి చేయండి. మన జలాశయాల్లో మట్టం ఋతువును బట్టి ఎంతగా మారుతుందో తెలిసిందే. మెట్ల మీద నుంచి దిగాల్సి వస్తే పారా క్రీడాకారిణి సాధన గట్టు మీదే ఆగిపోతుంది.

2028 లాస్ ఏంజెలెస్ క్రీడలకు ఎవరు వెళ్తారన్నది ఎంపిక పోటీలు తేలుస్తాయి. 2032కు ఎవరు సిద్ధంగా ఉంటారన్నది మాత్రం మీ సంతకం మీద ఆధారపడి ఉంది. ఆ ఎనిమిదేళ్ల ప్రణాళికను మీ శాఖ ఎప్పటిలోగా ప్రకటిస్తుందో తెలియజేయమని కోరుతున్నాను.

గౌరవంతో,
ఒక క్రీడాభిమాని