ఎముకలు, కీళ్లు ఓపిగ్గా చెప్పిన అందరికీ థాంక్స్

ఫిజియోథెరపీ మొదటి సంవత్సరం అనాటమీ వైవా గట్టెక్కింది. ఎముకలు, కీళ్ల దగ్గర తల పట్టుకుని కూర్చున్న నాకు, అడగగానే ఇంతమంది పనులు మానుకుని మరీ చెప్పారు కాబట్టి విడివిడిగా మెసేజ్‌లు పెట్టకుండా ఇక్కడే అందరికీ కలిపి చెప్పేస్తున్నాను. చాలా చాలా థాంక్స్ అండీ.

ముందుగా సీనియర్ అక్కకి. పెద్దవాళ్ల ఒంట్లో ఎముకలు 206 అనే అంకె చూసి హడలిపోతుంటే, "అందులో సగానికి పైగా చేతుల్లో పాదాల్లోనే ఉన్నాయి, మణికట్టు నుంచి వేళ్ల కొసల దాకా ఒక్కో చేతికి 27, ఒక్కో పాదానికి 26, అన్నీ కలిపి 106, పైగా కుడివైపు నేర్చుకుంటే ఎడమవైపు వచ్చేసినట్టే, ఇంక ఏడుపెందుకే" అని ఒక్క దెబ్బకి సగం టెన్షన్ తీసేసింది. పసిపిల్లల్లో ఎముకలు ఇంతకంటే ఎక్కువే ఉంటాయి, పెరిగేకొద్దీ కొన్ని అతుక్కుపోతాయి, నడుము కింద త్రికాస్థి అలా 5 పూసలు కలిసి ఏర్పడిందే అని బొమ్మ గీసి పంపింది కూడా. ఆ బొమ్మ ఇంకా గోడ మీదే ఉంది అక్కా.

తర్వాత డాక్టర్ గారికి. "పేర్లు తర్వాత చూసుకోవచ్చు, ముందు మీ ఒంటి మీదే వెతుక్కోండి" అన్నారు చూడండి, అదే నన్ను ఒడ్డున పడేసింది. ముంజేతి గురించి ఆయన చెప్పింది మీరూ చేసి చూడండి. అరచెయ్యి పైకి ఉండేలా పెట్టుకుని, మోచేతి కొన దగ్గర మొదలుపెట్టి చిటికెన వేలి వైపు అంచు వెంబడి రెండో చేత్తో తడుముకుంటూ మణికట్టు దాకా రండి. చర్మం కిందే గట్టిగా తగులుతూ వచ్చేది అల్నా. బొటనవేలి వైపు ఉన్నది రేడియస్. ఇప్పుడు మోచెయ్యి కదపకుండా అరచేతిని బోర్లా తిప్పండి. అల్నా దాదాపు ఉన్నచోటే ఉంటుంది, రేడియస్ కింది కొస మాత్రం దాని చుట్టూ తిరిగి ఇటువైపు వచ్చేస్తుంది, రెండు ఎముకలూ అడ్డంగా ఒకదాని మీద ఒకటి పడతాయి. మణికట్టు వెనక, చిటికెన వేలి పక్కన బుడిపెలా పైకి లేచింది అల్నా కొసే. మోచేతి దగ్గర మడత బందు కీలు ఒక్కటే కాదు, రేడియస్ తల తన చుట్టూ ఉన్న లిగమెంట్‌లో (ఎముకల్ని కలిపి పట్టే గట్టి పట్టీ) గిర్రున తిరిగే బొంగరపు కీలు కూడా ఉందని పుస్తకంలో నాలుగు పేజీలు చదివినా ఎక్కనిది ఇలా అర నిమిషంలో ఎక్కింది. వైవాలో సరిగ్గా ఇదే అడిగారు! చెయ్యి తిప్పి చూపిస్తూ చెప్పేశాను.

జత్రుక (మెడ కింద అడ్డంగా ఉండే ఎముక, కాలర్ బోన్) కూడా డాక్టర్ గారి చలవే. గొంతు గుంత పక్కన జత్రుక లోపలి కొస మీద వేలుపెట్టి, అటువైపు చెయ్యి పైకెత్తితే అది కదలడం తెలుస్తుంది. మొత్తం చెయ్యి మధ్య అస్థిపంజరంతో (తల, వెన్ను, ఛాతీ ఎముకలతో) ఎముకకి ఎముక తగిలి కలిసేది జత్రుక రొమ్ము ఎముకని కలిసే ఆ ఒక్క కీలు దగ్గరేనట, వెనక రెక్క ఎముకని పట్టి ఉంచే పనంతా కండరాలదే. నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

"భుజం, తుంటి రెండూ బంతి గిన్నె కీళ్లే కదా, మరి భుజమే ఎందుకు ఎక్కువగా జారుతుంది" అన్న నా ప్రశ్నకి అర్ధరాత్రి జవాబు రాసిన అన్నకి ప్రత్యేకంగా థాంక్స్. తుంటి దగ్గర గిన్నె లోతు, తొడ ఎముక తల బాగా లోపలికి కూర్చుంటుంది, ఒంటి బరువు మోయాలి కాబట్టి. భుజం దగ్గర గిన్నె చిన్నది, లోతు తక్కువ, అందుకే చెయ్యి ఎటు కావాలంటే అటు తిరుగుతుంది, అందుకే జారుతుంది కూడా. దాన్ని చుట్టూ పట్టి ఉంచే నాలుగు కండరాలనే రొటేటర్ కఫ్ అంటారు. మోకాలి గురించీ బాగా చెప్పారు, ముఖ్యంగా పిక్క పక్కనుండే ఫిబ్యులా మోకాలి కీలులో అసలు భాగమే కాదన్న సంగతి, మోకాలి చిప్ప తొడ కండరం టెండన్‌లోనే (కండరాన్ని ఎముకకి కట్టే తాడులాంటిది) పెరిగిన ఎముక అన్న సంగతి.

మృదులాస్థి గురించి రాసిన మేడమ్ గారూ, మీరు చెప్పాకే నాకు కీళ్ల వ్యాయామాల సంగతి వెలిగింది. కీలులో ఎముకల కొసల మీదుండే ఆ నున్నటి పొరకి రక్తనాళాలు లేవు, నరాలు లేవు, దానికి కావలసినవి ఎక్కువగా కీలులోని ద్రవం నుంచే అందుతాయి, కీలు కదులుతుంటేనే ఆ ద్రవం బాగా ఆడుతుంది. విరిగిన ఎముక అతుక్కుంటుంది కానీ అరిగిన మృదులాస్థి మళ్లీ మునుపటిలా ఎందుకు రాదో కూడా దీంతోనే తేలిపోయింది.

థాంక్స్ చెప్తూనే ఇంకోటి అడుగుతున్నాను, ఏమనుకోకండి. చీలమండ కింద, పాదం వెనక భాగంలో ఉన్న 7 టార్సల్ ఎముకలు నాకు ఇంకా కొరుకుడు పడట్లేదు. పాదాన్ని పైకీ కిందకీ ఆడించేది చీలమండ కీలు, లోపలికీ బయటికీ వంచే పని ముఖ్యంగా దాని కింద టాలస్‌కీ (టార్సల్ ఎముకల్లో అన్నిటికంటే పైది) మడమ ఎముకకీ మధ్యనున్న కీలుది, అక్కడి వరకు వచ్చాను. ముందున్న చిన్న ఎముకలని కూడా ముంజేతిలాగే తడిమి పట్టుకునే దారి ఎవరికైనా తెలిస్తే చెప్పండి, సెలవుల్లో కూర్చుని అదే పని పెట్టుకుంటాను.