క్రోధి నామ సంవత్సర వార్షిక నివేదిక: పండుగలు, వరద సాయం, అర సెంటు పన్ను

సంఘ సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది నుంచి ఉగాదికి లెక్క చూసుకోవడం అమెరికాలో టెన్నెసీ రాష్ట్రపు నాష్‌విల్‌లోని మన తెలుగు సంఘానికి మొదటి నుంచీ అలవాటు. అందుకే ఈ నివేదిక 2024 ఏప్రిల్ 9న క్రోధి మొదలైన దగ్గర్నుంచి 2025 మార్చి 30న విశ్వావసు వచ్చేదాకా.

పండుగల గురించి ఎక్కువ రాయను, ఫొటోలు అందరూ చూశారు. ఈసారి వినాయక చవితి, విజయదశమి రెండూ శనివారాలే పడడంతో సెలవు పెట్టాల్సిన పని తప్పింది. బతుకమ్మకు బంతిపూలు చాలక ఇద్దరు సభ్యులు పెరట్లో పూసినవన్నీ తెంపుకొచ్చారు. సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ, మున్నేరు పొంగి ఖమ్మం మునిగినప్పుడు చవితి భోజనాల ఖర్చు సగానికి తగ్గించి, ఆ మిగులూ మీరిచ్చిన చందాలూ కలిపి రెండు రాష్ట్రాల ముఖ్యమంత్రుల సహాయనిధికి పంపాం. రసీదులు లెక్కల పట్టికతో జతచేశాం.

ఇక ఈ ఏడాది మనం కొత్తగా చేసిన పని ఒకటుంది. దాని గురించే కాస్త వివరంగా రాయాలి.

2023 సెప్టెంబరులో ఫ్రెడీ ఓకానెల్ నాష్‌విల్ మేయరయ్యారు. ఒకప్పుడు సిటీ బస్సుల బోర్డుకు అధ్యక్షుడు, ఇప్పటికీ బస్సెక్కే మనిషి. ఏడాది తిరక్కుండానే డాలరుకు అర సెంటు అదనపు సేల్స్ టాక్స్ (అమ్మకపు పన్ను) ప్రతిపాదన తెచ్చారు. ఆ డబ్బుతో పదిహేనేళ్లలో 86 మైళ్ల సైడ్‌వాక్‌లు, పన్నెండు బస్సు కేంద్రాలు, కొత్త సిగ్నళ్లు, రాత్రీ పగలూ తిరిగే బస్సులు. నిర్మాణాలకే 310 కోట్ల డాలర్లు. 2018 మేలో ఇంతకంటే పెద్ద పథకం, లైట్ రైలుతో సహా, ఓటుకు పెడితే జనం తిప్పికొట్టారు. అందుకే ఈసారి లైట్ రైలు మాటెత్తకుండా బస్సు, కాలిబాట అన్నారు. టెన్నెసీలో జీతం మీద రాష్ట్రం పన్ను వేయదు కాబట్టి ఏం కావాలన్నా చాలావరకు దుకాణం బిల్లు మీదే పడుతుంది.

విజయదశమి మర్నాడు, ఆదివారం, లైబ్రరీ మీటింగు గదిలో దీని మీద చర్చ పెట్టాం. గుడి హాలు కావాలనే అడగలేదు, ఓటు మాటలు గుడిలో ఎందుకని. సంఘం తరఫున అవుననీ కాదనీ చెప్పకూడదని కార్యవర్గం ముందే తీర్మానించింది. పది మందైనా వస్తారా అనుకున్నాం. కుర్చీలు చాల్లేదు.

మొదట లేచినాయన నగర శివారు యాంటియాక్‌లో ఇల్లున్నాయన. 2020లో ఆస్తి పన్ను ఒక్కసారిగా 34 శాతం పెంచిన సంగతి ఆయన మరిచిపోలేదు. “అప్పుడూ నగరం కోసమే అన్నారు. మా వీధిలో గుంత గుంతలాగే ఉంది. ఇంటికి ఏడాదికి డెబ్బై డాలర్లేగా అంటున్నారు. డెబ్బై కాదండీ సమస్య, ‘గా’ అనడం సమస్య.” గది అంతా నవ్వింది. ఆయన మాత్రం నవ్వలేదు.

నోలెన్స్‌విల్ రోడ్డులో టిఫిన్ హోటల్ నడిపే సభ్యురాలు లెక్క ముందే వేసుకొచ్చారు. పన్నెండు డాలర్ల దోసె మీద పెరిగేది ఆరు సెంట్లు. “ఆరు సెంట్లకు దోసె మానేసే వాళ్లు లేరు. నా దగ్గర గిన్నెలు కడిగే కుర్రాడికి రాత్రి పదకొండు తర్వాత ఇంటికి బస్సు దొరికితే నాకంతే చాలు. ఇప్పుడు రోజూ నేనే దింపొస్తున్నాను.”

ఫ్రాంక్లిన్, బ్రెంట్‌వుడ్ వైపు సభ్యులకు ఈ విషయంలో ఓటు లేదు, వాళ్లది పక్కనున్న విలియమ్సన్ కౌంటీ. వాళ్లలో ఒకాయన చెప్పిందాకా చాలామందికి తెలియని సంగతి ఏమిటంటే, అక్కడ 2018 నుంచే 9.75 శాతం సేల్స్ టాక్స్ కడుతున్నారు, బడుల అప్పు తీర్చడానికి. నాష్‌విల్‌లో అప్పటికి 9.25. కాబట్టి ‘పన్ను పెరిగితే కౌంటీ దాటి కొనుక్కుంటాం’ అన్న బెదిరింపు ఆ వైపు పనిచేయదు. కారు కొనేవాళ్ల భయం కూడా అక్కడే తీరింది. ఒక్కో వస్తువు ధరలో మొదటి 1600 డాలర్ల మీదే స్థానిక పన్ను పడుతుంది. అంటే ఎంత ఖరీదైన కారుకైనా పెరిగేది ఎనిమిది డాలర్లు. బియ్యం, పప్పు, కరివేపాకు ధర మాత్రం ఆ హద్దు దాకా ఎన్నడూ పోదు. వాటి మీద 6.25 కాస్తా 6.75 అవుతుంది. హద్దు కలిసొచ్చేది కారుకే, కందిపప్పుకు కాదు. ఇది నా వ్యాఖ్య, కార్యవర్గానిది కాదు.

ఆ రోజు అందరూ చెవి ఒగ్గి విన్నది తెనాలి నుంచి కూతురింటికి వచ్చిన ఒక పెద్దాయన మాట. వాణిజ్య పన్నుల శాఖలో పనిచేసి రిటైరయ్యారు. “మేయరు సేల్స్ టాక్స్ వేయడమేమిటమ్మా? మన దగ్గర మున్సిపాలిటీ ఇంటి పన్ను, నీటి పన్ను దగ్గరే ఆగిపోతుందే” అని ముందు ఆశ్చర్యపోయారు. తర్వాత జేబులోంచి కిరాణా బిల్లు తీశారు. వెనకవైపు పెన్నుతో బొమ్మ గీసి ఉంది. వాళ్ల అపార్ట్‌మెంటు గేటు, రోడ్డు, అవతల గడ్డిలో ఒంటరి బస్‌స్టాపు స్తంభం. “ఇదుగో, ఇక్కణ్ణుంచి ఇక్కడికి నూట అరవై అడుగులు, నేనే కొలిచాను. నడవడానికి చారెడు సిమెంటు లేదు. వాన పడితే బురదలో నిలబడాలి. మా అమ్మాయి ఆఫీసుకెళ్తే సాయంత్రం దాకా నేను ఇంట్లో ఖైదీని. బిల్లులో పన్ను కడుతూనే ఉన్నాను కదా, నన్నెవరూ అడగలేదేం?”

దానికి ఎవరి దగ్గరా జవాబు లేదు. ఆ గదిలో ఉన్నవాళ్లను చూస్తే విజిటర్ వీసా తల్లిదండ్రులు, కారు లేని వాండర్‌బిల్ట్, టెన్నెసీ స్టేట్ విద్యార్థులు, హెచ్1బీ మీద ఏళ్లుగా ఎదురుచూస్తున్నవాళ్లు. బస్సు అవసరం ఎక్కువున్నది వీళ్లకే, పన్ను తప్పనిది వీళ్లకూ, ఓటు లేనిది వీళ్లకే. ఈ పన్నులో సగానికి పైగా ఊరి బయటి నుంచి వచ్చేవాళ్లే కడతారని పథకం తరఫువాళ్లు గొప్పగా ప్రచారం చేశారు. బ్రాడ్‌వే మీద పాటలు వినడానికొచ్చే పర్యాటకుల సంగతి సరే, వాళ్లు మూడు రోజులుండి వెళ్లిపోతారు. మనవాళ్లు అలా కాదు.

ఇక్కడ కార్యవర్గం తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఓటరు నమోదు గడువు అక్టోబరు 7. మనం చర్చ పెట్టింది 13న. వేసవిలోనే పౌరసత్వం వచ్చిన ఒక సభ్యురాలు, “అయ్యో, నేను ఇంకా పేరు ఎక్కించుకోలేదు” అని ఆ గదిలోనే నాలుక కరుచుకున్నారు. దసరా ఏర్పాట్ల హడావిడిలో తేదీ మేమూ చూసుకోలేదు. ఇకపై ఓటుకు సంబంధించిన ఏ సమావేశమైనా గడువుకు నెల ముందే పెట్టాలని తీర్మానం రాసుకున్నాం.

ముందస్తు పోలింగ్ చివరి రోజు అక్టోబరు 31, దీపావళి. లక్ష్మీపూజకు ముందు క్యూలో నిలబడి వచ్చినవాళ్లు కొందరున్నారు. నవంబరు 5న ప్రతిపాదన గెలిచింది, పడిన ఓట్లలో దాదాపు మూడింట రెండు వంతులు అవునన్నాయి. 2025 ఫిబ్రవరి 1 నుంచి నాష్‌విల్‌లోనూ 9.75 శాతం.

తెనాలి పెద్దాయన ఆ నెలలోనే ఇంటికి వెళ్లిపోయారు. ఆయన గీసిన బొమ్మను, కొలతతో సహా, ఆ ప్రాంతపు కౌన్సిల్ సభ్యుడికి ఉత్తరంతో జతచేసి పంపాం. అందిందని మర్యాదగా జవాబొచ్చింది. సైడ్‌వాక్ ఇంకా రాలేదు. విషయాన్ని కొత్త కార్యవర్గానికి అప్పగిస్తున్నాం, వదిలేయవద్దని మనవి.

లెక్కల విషయానికొస్తే, కోశాధికారి పట్టిక విడిగా ఉంది. అందులో ఒక పంక్తి మీకు వింతగా కనిపించవచ్చు, ముందే చెప్పేస్తాను. లాభాపేక్ష లేని సంఘం కాబట్టి మన కొనుగోళ్లకు సేల్స్ టాక్స్ మినహాయింపు పత్రం ఉంది. మొన్న ఉగాదికి విస్తళ్లు, గ్లాసులు, షామియానా అద్దె కట్టేటప్పుడు ఆ కాగితం ఇంట్లో సొరుగులో ఉండిపోయింది. ఏడాదంతా పన్ను మీద చర్చలు పెట్టిన మనం, కట్టనక్కర్లేని 9.75 శాతం కట్టి వచ్చాం. ఆ మొత్తాన్ని కోశాధికారి తన జేబులోంచి ఇస్తానన్నారు, కార్యవర్గం ఒప్పుకోలేదు. పత్రం నకళ్లు ఆరు తీయించాం. ఒకటి వంటసామాను పెట్టెలో, అట్లకాడల పక్కనే పెట్టాం.

ఇట్లు,
కార్యదర్శి