బధిర విద్యార్థుల యాత్రలకు సమయం పెంచాలి

సంపాదకులకు నమస్కారం.

డిసెంబరు వచ్చిందంటే బడుల్లో విజ్ఞాన యాత్రల సందడి మొదలవుతుంది. మా అమ్మాయి బధిరుల ఆశ్రమ పాఠశాలలో ఎనిమిదో తరగతి చదువుతోంది. కిందటేడు ఆ తరగతి హైదరాబాద్ యాత్రకు సాయంగా వెళ్లిన తల్లుల్లో నేనూ ఉన్నాను. ఆ రెండు రోజుల్లో గమనించిన సంగతిని యాత్రలకు అనుమతులిచ్చే అధికారుల దృష్టికి, సందర్శన స్థలాల నిర్వాహకుల దృష్టికి మీ పత్రిక ద్వారా తేవాలనుకుంటున్నాను.

వినగలిగే పిల్లలు ఒక వస్తువును చూస్తూనే దాని గురించి చెప్పేది వింటారు. మా పిల్లలకు చూడడానికీ, వినడానికీ ఉన్నవి ఆ రెండు కళ్లే. గైడు మాటలను టీచరు సంజ్ఞల్లో చెబుతుంటే చూపు ఆమె చేతుల మీదే ఉండాలి. వస్తువు వైపు తల తిప్పితే మాట పోతుంది, మాట కోసం చూస్తే వస్తువు దాటిపోతుంది. కాబట్టి ముందు చెప్పి, ఆగి, చూడనిచ్చి, ఆ తర్వాతే ముందుకు కదలాలి. మొదటి రోజు ఒకచోట మాకు దొరికిన గైడు ఓపికమంతుడే గానీ, నడుస్తూ మాట్లాడడం ఆయనకు అలవాటు. పెదవుల కదలికను బట్టి కొంత గ్రహించగల పిల్లలకు కూడా ఆయన వీపు తప్ప మరేమీ కనిపించలేదు. గంట గడిచేసరికి వెనుక మరో బడి వారు వచ్చి నిలబడ్డారు, మమ్మల్ని బయటికి పంపేశారు.

గోల్కొండలో మాత్రం వేరుగా జరిగింది. కోట ద్వారం దగ్గర చప్పట్లు కొడితే కొండ మీది బాలాహిసార్‌లో వినిపిస్తాయన్నది అక్కడ అందరూ చెప్పే విశేషమే. వినిపించని పిల్లలకు ఇక్కడేం చూపిస్తారోనని నాలో నేనే బెరుకుపడ్డాను. వారి సైన్సు టీచరు అంతకు ముందు వారమే తరగతిలో డప్పు మీద ఆవాలు చల్లి, దెబ్బ పడినప్పుడు అవి ఎగరడం చూపించి, ధ్వని అంటే కదలికేనని చెప్పి ఉంచారట. కోటలో పిల్లలను రెండు జట్లుగా విడదీశారు. కింది జట్టు ఆగి ఆగి చప్పట్లు కొడుతూ ఎన్నిసార్లు కొట్టిందో రాసుకోవాలి. పైనున్న నేను వినిపించినప్పుడల్లా చెయ్యెత్తితే పై జట్టు గీత గీయాలి. దిగి వచ్చి లెక్క చూస్తే కింద పదిహేను, పైన పదకొండు. మిగిలిన నాలుగూ ఏమయ్యాయని పిల్లలు నన్ను నిలదీశారు. పక్కన ఎవరో కేకలు వేస్తుంటే వినిపించలేదని ఒప్పుకున్నాను. చెవులున్న వాళ్లను నమ్ముకుంటే ఇంతేనని మా అమ్మాయి సంజ్ఞల్లో అన్నది అందరికీ అర్థమైంది, నాకు కూడా. ఇంత జరగడానికి పట్టింది దాదాపు మూడు గంటలు. ఆ మూడు గంటల కోసం టీచర్లు ఆ రోజు చూడవలసిన మరో చోటును వదులుకున్నారు.

తిరుగు ప్రయాణంలో చీకటి పడగానే డ్రైవరు బస్సులోని లైట్లు ఆర్పేశారు. వెంటనే పిల్లల కబుర్లు ఆగిపోయాయి. లైట్లు వేస్తే ముందు అద్దంలో ప్రతిబింబం పడి దారి కనిపించదన్న ఆయన ఇబ్బందీ నిజమే కనుక, చివరికి వెనుక సగంలో మాత్రం వెలిగించారు. ముందు సీట్ల పిల్లలంతా వెనక్కి సర్దుకుని, హనుమకొండ చేరేదాకా చేతులు దించలేదు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 16వ సెక్షన్ ఆటల్లోనూ, వినోద కార్యక్రమాల్లోనూ ఈ పిల్లలకు ఇతరులతో సమానంగా అవకాశాలు ఉండాలంటోంది. 29వ సెక్షన్ ఆరుబయట శిబిరాలను, సాహస కార్యక్రమాలను కూడా పేర్కొంది. మిగతా బడులకు ఇచ్చే వేళనే వీరికీ కేటాయించి దాన్ని సమానత్వం అనుకోవడం సరికాదు. అంతర్ పాఠశాలల క్రీడల్లోనూ ఇదే తంతు. విజిల్‌తో పాటు జెండా కూడా దించితే సరిపోయేదానికి, మా పిల్లలు పక్క వరుసలో వాళ్లు కదిలాక పరుగు మొదలుపెడుతున్నారు.

బధిర పాఠశాలల యాత్రలకు అనుమతి ఇచ్చేటప్పుడు రోజుకు రెండు చోట్లకు మించకుండా చూడాలని, సందర్శన స్థలాల్లో రద్దీ లేని వేళ కేటాయించాలని, గైడ్లు వెలుతురులో నిలబడి పిల్లల వైపు తిరిగి మాట్లాడేలా సూచనలు ఇవ్వాలని కోరుతున్నాను. భారతీయ సంజ్ఞా భాష నిఘంటువులో 2021 నాటికే పది వేల పదాలు చేరాయి. ఏయే వస్తువులు చూపిస్తారో ముందుగా తెలిస్తే టీచర్లు వాటి సంజ్ఞలను వెతికి నేర్పి మరీ తీసుకువస్తారు.

ఈసారి మా బడి వారు నాగార్జునకొండ వెళ్లాలనుకుంటున్నారు. అక్కడి మ్యూజియానికి లాంచీలో వెళ్లాలి, లాంచీ వేళకే తిరిగి రావాలి. దీవి మీద ఎంతసేపు ఉండనిస్తారో పదిహేను రోజుల ముందే తెలియజేస్తే మా టీచర్లు దానికి తగినట్టు పాఠం సిద్ధం చేసుకుంటారు.

– ఒక విద్యార్థిని తల్లి, హనుమకొండ