పేరు వద్దన్న ఆర్టిస్టు గారికి కృతజ్ఞతలు

పేరు రాయొద్దన్నారు, రాయడం లేదు. కానీ కుంచె పట్టడం కూడా రాని వాలంటీర్లతో అంత పెద్ద గోడ బొమ్మ వేయించినందుకు థాంక్స్ చెప్పకుండా ఎలా ఉంటాం!

అసలు మేలు రంగు డబ్బా మూత తీయకముందే జరిగింది. గోడ అడుగుభాగాన చదరపు అడుగు ప్లాస్టిక్ ముక్కను నాలుగు వైపులా టేపు వేసి అంటించి, 24 గంటలు వదిలేయమన్నారు. ఊడదీసి చూస్తే గోడ వైపు నీటి బిందువులు. ఆ చెమ్మ మీదే పెయింటు వేసి ఉంటే ఉప్పు తెల్లగా ఊరి, పెచ్చులుగా రాలిపోయేది. కొత్తగా ప్లాస్టరింగ్ చేసిన చోట 28 రోజులు ఆగాల్సిందేనని పట్టుబట్టారు. పచ్చి సిమెంటులోని క్షారం రంగును తినేస్తుందట.

చిన్న బొమ్మను గోడ మీదికి పెద్దదిగా ఎక్కించడానికి కాగితం మీద అంగుళం గడి, గోడ మీద అడుగు గడి. సుద్దపొడి పట్టించిన దారం బిగించి లాగి వదిలితే గీత పడుతుంది. ఏ భాగానికి ఏ రంగో అక్కడే నంబరు.

రంగు సులువుగా సాగాలని నీళ్లు పోస్తుంటే చేతిలోంచి మగ్గు లాక్కున్నారు (మంచి పని చేశారు). నీళ్లెక్కువైతే బైండర్ (రంగు పొడిని గోడకు పట్టి ఉంచే జిగురు) పల్చబడి, ఆరాక చెయ్యి తగిలితే చాలు పొడి అంటుతుంది. నేరుగా ఎండ పడే వేళ పని బంద్: పూస్తుండగానే ఆరిపోయి కుంచె చారలు మిగులుతాయి.

మిగిలిన ప్రతి రంగునూ నంబరు రాసిన సీసాలో బిగించి ఇచ్చారు. రేపు గీతలు పడితే అదే షేడ్ మళ్లీ కలపడం మా వల్ల కాదని ఆయనకు తెలుసు.