సైకిలుకు పాలసీ అడిగావు కదా

చిన్నా,

నీ ఉత్తరం మొన్న అందింది. నీకేం కాలేదని చదవగానే ప్రాణం కుదుటపడింది. నీ సైకిలు తగిలి పడిపోయిన ఆ పెద్దాయన మణికట్టు దెబ్బ సంగతి ఆ తర్వాతి వాక్యంలోనే ఉంది గానీ, దాని మీదికి నా మనసు వెళ్లడానికి కాస్త టైం పట్టింది. కన్నతల్లి చదువు ఇలాగే ఉంటుంది, ఏం చేస్తాం.

"కారుకి ఉన్నట్టే సైకిలుకీ ఇన్సూరెన్స్ తప్పనిసరి చేయాలమ్మా, అప్పుడు ఆయన ఖర్చంతా కంపెనీయే పెట్టుకునేది" అని రాశావు. ఇరవై రెండేళ్లు మోటారు క్లెయిముల టేబుల్ దగ్గర కూర్చున్నదాన్ని కాబట్టి ఔనంటాననుకుని ఉంటావు. నేను కాదంటాను. అలాగని తేలిగ్గా తోసేసే ప్రశ్న కాదది. అందుకే ఫోన్లో చెప్పకుండా కాగితం తీశాను.

ముందు ఒక చిక్కు విప్పాలి. థర్డ్ పార్టీ అంటే ఎవరో చాలామందికి తెలియదు. పాలసీ తీసుకున్న నువ్వు మొదటి పక్షం, కంపెనీ రెండో పక్షం. మీ ఇద్దరి ఒప్పందంతో ఏ సంబంధమూ లేకుండా రోడ్డు మీద నడిచి వెళ్తున్న మనిషి మూడో పక్షం. చట్టం తప్పనిసరి చేసేది ఆ మూడో మనిషి కోసమే. నీ మోకాలు చీరుకుపోతే దాంట్లోంచి పైసా రాదు. తప్పు నీదని తేలితే తప్ప ఆ మూడో మనిషికీ మామూలుగా రాదు.

ఈ చట్టం పుట్టిందీ ఆ మూడో మనిషి కోసమే. బ్రిటన్ 1930లో రోడ్ ట్రాఫిక్ చట్టం తెచ్చి మోటారు వాహనాలకు థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి చేసింది. అంతకుముందు దెబ్బ తిన్నవాడు కోర్టులో గెలిచినా, గుద్దినవాడి దగ్గర చిల్లిగవ్వ లేకపోతే తీర్పు కాగితం చూసుకుని తృప్తిపడాల్సిందే. భారతదేశంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టం, 146వ సెక్షన్ చెప్పేది కూడా ఇదే. చేసే నష్టం చేసినవాడి తాహతుకు మించిపోతుంది కాబట్టి ముందే ఒక నిధి ఉండాలన్నది అందులోని తర్కం. సెక్షన్ నంబరు ఇంకా నోటికి వస్తోంది చూడు, రిటైరయినా.

మరి సైకిలు చేసే నష్టం ఎంత? మీ నాన్నని అడిగితే కవరు వెనక లెక్క వేసిచ్చారు. మనిషీ సైకిలూ కలిపి 85 కిలోలు, గంటకు 20 కిలోమీటర్ల వేగం అనుకుంటే సుమారు 1,300 జౌళ్ల శక్తి. 1,200 కిలోల కారు 60 మీద వస్తుంటే 1,66,000 జౌళ్లు దాటుతుంది. నూట ఇరవై రెట్లకు పైమాటే. రెంటినీ ఒకే గాటన కట్టి "వాళ్లూ కట్టాలి" అనేవాళ్ల మాటల్లో, నా చెవికి, న్యాయం కన్నా "మేం కడుతున్నాం కదా" అన్న ఉక్రోషమే ఎక్కువ వినిపిస్తుంది.

అయితే ఆ లెక్క చూసి నువ్వు గుండె మీద చెయ్యేసుకుని పడుకోకు. నడిచే మనిషిని ఆ 1,300 జౌళ్లు చంపనక్కర్లేదు, పడేస్తే చాలు. మిగతా పని నేల చేస్తుంది. 2016లో లండన్‌లో ముందు బ్రేకు లేని సైకిలు తగిలి రోడ్డు దాటుతున్న ఒకావిడ చనిపోయింది. ఆ సైకిలు తొక్కిన కుర్రాడికి మరుసటి ఏడాది 18 నెలల శిక్ష పడింది, అదీ 1861 నాటి చట్టం కింద! గుర్రబ్బండి అడ్డదిడ్డంగా తోలేవాళ్ల కాలంలో రాసిన సెక్షన్ దుమ్ము దులిపి తీయాల్సి వచ్చింది. అరుదుగానైనా ఇలాంటివి జరుగుతాయి.

ఇంతకీ ఎందుకు కాదంటున్నానంటే, నేను చూసిన పని వల్ల. మోటారు పాలసీకి కొక్కెం నంబరు ప్లేటు. ప్లేటుంది కాబట్టి యజమాని దొరుకుతాడు, యజమాని దొరికితే పాలసీ దొరుకుతుంది. బండి అమ్మితే పేరు మారుతుంది. సైకిలుకి ఆ కొక్కెం లేదు. ఒక ఇంట్లో మూడుంటాయి, ఒకటి పక్కింటివాళ్లు వాడుతుంటారు, ఇంకోటి అన్న నుంచి తమ్ముడికి వస్తుంది. తొమ్మిదేళ్ల పిల్ల తొక్కేదానికి ప్రీమియం ఎవరు కట్టాలి, కట్టలేదని ఎవరిని ఆపాలి? రిజిస్ట్రేషన్, ప్లేటు, రెన్యువల్, తనిఖీ, జరిమానా, ఇవన్నీ నిలబెట్టాక వచ్చే ప్రీమియం చూస్తే చారాణా కోడికి బారాణా మసాలా. ఈ తలనొప్పంతా ఎందుకని నలుగురు సైకిలు మానేసి మోటారు బండెక్కారనుకో, నడిచేవాడికి గండం పెరిగిందా తగ్గిందా?

ఇది నా ఊహే కాదు. స్విట్జర్లాండ్‌లో దశాబ్దాల తరబడి సైకిలుకి ఇన్సూరెన్స్ తప్పనిసరి. ఏటా కొత్త స్టిక్కరు కొని అంటించుకోవాలి, అదే పాలసీ. 2012లో దాన్ని ఎత్తేశారు. సైకిళ్లు ఎవరినీ గుద్దడం మానేశాయని కాదు. అక్కడ పదిమందిలో దాదాపు తొమ్మిదిమందికి వ్యక్తిగత బాధ్యత పాలసీ ముందే ఉంది. మనిషి పొరపాటున ఇంకొకరికి చేసే నష్టాన్ని, సైకిలు మీదున్నా కాలినడకనున్నా, అదే భరిస్తుంది. అంటే ఒకే రిస్కుకి జనం రెండుసార్లు కడుతున్నారన్నమాట. ఇక పాలసీ లేనివాడో, గుద్ది పారిపోయినవాడో అయితే దెబ్బ తిన్నవాడి నష్టాన్ని ఆ దేశపు గ్యారంటీ ఫండ్, అంటే అలాంటివాళ్ల కోసమే పెట్టిన నిధి, చూసుకుంటుంది. నాకు నచ్చింది ఇదే. బరువు చక్రం మీద పెట్టలేదు, మనిషి మీద పెట్టారు, దెబ్బ తిన్నవాణ్ని మాత్రం గాలికి వదల్లేదు.

నెదర్లాండ్స్ వాళ్లు ఇంకో వైపు నుంచి వచ్చారు. కారు సైకిలును గుద్దితే, సైకిలు మీదున్నది 14 ఏళ్లలోపు పిల్లలైతే, తప్పులో వాళ్ల వాటా ఉన్నా దాదాపు ఎప్పుడూ పూర్తి పరిహారం ఇవ్వాల్సిందే. బరువైన బండివాడిదే బరువైన బాధ్యత.

నీ స్నేహితుడి ఎలక్ట్రిక్ సైకిలు సంగతి అడిగావు. అక్కడ నా మాట మారుతుంది. జర్మనీ గీసిన గీత నాకు సబబనిపిస్తుంది. తొక్కుతుంటే సాయపడే మోటారు 250 వాట్లు, ఆ సాయం గంటకు 25 కిలోమీటర్ల దగ్గర ఆగిపోతే అది సైకిలే. 45 దాకా తోసేదైతే ఇన్సూరెన్స్ ప్లేటు ఉండాల్సిందే. పెడళ్లున్నంత మాత్రాన మోపెడ్ సైకిలైపోదు.

ఇంతా చెప్పి, నన్ను ఇప్పటికీ కుదురుగా ఉండనివ్వని సంగతొకటి దాచలేను. ఒకసారి మా కౌంటర్ దగ్గరికి ఒకావిడ వచ్చింది. వాళ్లమ్మని ఎవరో సైకిలుతో గుద్దారు, తుంటి ఎముక విరిగింది. గుద్దినవాడు మంచివాడే, పారిపోలేదు, ఆసుపత్రికీ తీసుకెళ్లాడు. కానీ వాడి దగ్గర డబ్బు లేదు. "అదే స్కూటరయితే మీరిచ్చేవాళ్లా మేడమ్?" అని అడిగింది. ఇచ్చేవాళ్లమే అన్నాను. ఆవిడ ఇంకేం అడగలేదు, ఫైలు కట్టుకుని వెళ్లిపోయింది. తప్పనిసరి పాలసీ వద్దని నేను ఎన్ని కారణాలు చెప్పినా ఆవిడకి అందులో ఒక్కటీ జవాబు కాదు. అందుకే చట్టం చేయాలంటే గ్యారంటీ ఫండ్ లాంటిది చేయమంటాను, ప్లేట్లు కాదు.

ఇక నీ విషయం. చట్టం అడగలేదు కాబట్టి అక్కర్లేదని నేననడం లేదు. వ్యక్తిగత బాధ్యత పాలసీ నీ పేరు మీద ఒకటి తీసుకో. కొన్ని ఇంటి పాలసీల్లో అది కలిసే వస్తుంది, కొన్ని సైక్లింగ్ సంఘాలు సభ్యత్వంతో పాటే ఇస్తాయి. మినహాయింపుల పేజీ ముందు చదువు, రంగుల పేజీ తర్వాత. పోటీలు, జీతానికి సరుకు చేరవేయడం లాంటివి చాలావాటిలో ఉండవు.

జరిగిపోయినదానికి మాత్రం ఏ పాలసీ వెనక్కి తిరిగి రాదు. ఆయన బిల్లు నువ్వే కట్టు. ఒక్కసారే కట్టలేకపోతే నేను సర్దుతాను, నెలనెలా నాకివ్వు. కట్టు విప్పాక ఫిజియోథెరపీ ఉంటుంది, అదీ లెక్కలో వేసుకో. డబ్బు ఎవరిచేతో పంపకు, నువ్వే వెళ్లు.

ఇంకొకటి. ఆయన హఠాత్తుగా అడ్డం వచ్చారని రాశావు, వెలుతురు సరిగా లేదని రాశావు, రోడ్డు తడిగా ఉందని రాశావు. వెనక బ్రేకు రబ్బర్లు అరిగిపోయాయని రెండు నెలల కిందట నువ్వే చెప్పావు. మార్చావో లేదో మాత్రం రాయలేదు.

అమ్మ