పానగల్లు నీళ్లలో పేరు తెలియని బాతు

చిరంజీవి స్రవంతికి నాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. నీ ఫోను వచ్చి ఇరవై రెండు రోజులైంది. పని ఎక్కువగా ఉండి ఉంటుంది కనుక దాని సంగతి ఎత్తడం లేదు. రాస్తున్నది ఒక బాతు గురించి.

ఆదివారం తెల్లవారకముందే నువ్వు కొనిచ్చిన బైనాక్యులర్ మెడలో వేసుకొని పానగల్లు ఉదయసముద్రం చెరువు కట్ట మీదికి వెళ్లాను. మఫ్లర్ కట్టుకొనే వెళ్లాను, కావాలంటే మీ అమ్మను అడుగు. నల్లని ముక్కు చివర పసుపు అద్దినట్లుండే మన బాతులు ముప్పై దాకా తుంగ పక్కన మేస్తుంటే, వాటి నడుమ ఒకటి తేడాగా కనిపించింది. ముక్కు మీద అదే పసుపు, రెక్క మీద అదే తెల్లని పట్టె. కానీ ఎండ పడగానే తల ఆకుపచ్చగా మెరిసింది, తోక మీద నల్లని ఈకలు ఉంగరంలా పైకి చుట్టుకొని ఉన్నాయి. వల సర్దుకుంటున్న ఆయన తల ఎత్తకుండానే “ఎవరిదో పెంపుడు బాతు తప్పిపోయొచ్చింది సారూ” అన్నాడు. నేను ఒప్పుకోక గంటన్నర కూర్చున్నాను. చివరికది నీళ్లలో నిలువునా లేచి రెక్కలు విదిలించినప్పుడు ఇటుక రంగు రొమ్ము కనిపించింది.

ఆ తోక చుట్టు మల్లార్డ్ అనే అడవి బాతుల్లో మగదానికీ, ఆ జాతినుంచే వచ్చిన పెంపుడు బాతులకూ ఉంటుంది. మల్లార్డ్ చలికాలంలో ఉత్తరాదికి వస్తుంది గాని మన వైపు రావడం అరుదు. అందుకే తండ్రి ఏ ఇంటి పెంపుడు బాతో, తల్లి మన చెరువు బాతో అనుకుంటున్నాను. కంచర గాడిదలా కాదు, ఇలా రెండు జాతులకు పుట్టిన బాతులు గొడ్డుపోవు, వీటికీ పిల్లలవుతాయి.

మొన్న సూర్యాపేట నుంచి వచ్చిన మీ చిన్నత్త, నువ్వు ఉద్యోగం మానేశావని ఎవరో అన్నారన్నది. తల ఎత్తి చూడకుండా చెప్పే మాటను నేను లెక్కచేయను. అయినా మానేసేవాళ్లు ఆరు నెలల ఖర్చు చేతిలో ఉంచుకోవాలి, పీఎఫ్ డబ్బు ముట్టుకోకూడదు, కోపం మీద రాజీనామా రాయకూడదు, పొద్దున టిఫిన్ మానకూడదు. ఇది నీకని కాదు, మాటవరుసకు అంటున్నాను.

నేను పంపిన ఫోటో కింద నాలుగు రోజులుగా ఒక్క టిక్కే ఉంది. అందుకని కడిగించి దీనితో పెడుతున్నాను. తోక ఈకలు రెండా మూడా చూసి చెప్పు, నా కళ్లకు ఆనడం లేదు. సకినాల డబ్బా మూత గట్టిగా ఉంటుంది, చెంచాతో లేపు.

ఆ బాతు నిన్న కూడా అక్కడే ఉంది. శనివారం వస్తే చూపిస్తాను. ఎంత రాత్రైనా నల్లగొండ బస్టాండులో నేనే నిలబడి ఉంటాను.

నాన్న