‘తేడా’ అనే మాట గురించి మంత్రి గారికి ఒక తండ్రి అర్జీ

గౌరవనీయులైన రాష్ట్ర సినిమాటోగ్రఫీ శాఖ మంత్రి గారికి ఆదోని నుంచి నమస్కారాలు.

అయ్యా, ఇది నా మూడో అర్జీ. మొదటిదానికి జవాబే రాలేదు. రెండోది చేతికిచ్చిన చోట ఒకాయన సగం చదివి, పక్క సీటాయన వైపు చూసి నవ్వాడు. "సినిమా కామెడీ మీద కూడా అర్జీనా పెద్దాయనా" అన్నాడు. ఆ ఆఫీసు పేరు రాయను. ఆయన మీద కోపమూ లేదు, ఒకప్పుడు నేనూ అలాగే నవ్వేవాణ్ని. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాను.

నేను ఇక్కడి పత్తి మార్కెట్‌లో ఒక కమీషన్ అంగట్లో గుమాస్తాను. ముప్పై ఏళ్లుగా లెక్కలు రాస్తున్నాను. రోజుకు పదిసార్లయినా ‘తేడా’ అని రాస్తాను. తూకంలో తేడా, తేమలో తేడా, రేటులో తేడా. ఆ మాటను మనుషులకు తగిలించి ఊరూరా తిప్పింది మాత్రం మన సినిమాలే. "వాడు తేడా రా" అని తెర మీద ఒకడంటే చాలు, హాలంతా ఘొల్లుమంటుంది.

మా వాడిని ఇంజనీరింగ్‌లో చేర్చడానికి ఇద్దరం రాత్రి బస్సులో హైదరాబాద్ బయల్దేరాం. డ్రైవర్ వెనకున్న టీవీలో సినిమా వేశారు. ఎమ్మిగనూరు దాటాక కామెడీ సీను వచ్చింది. పూల చొక్కా తొడుక్కున్న ఒకతను నడుము తిప్పుకుంటూ వచ్చి కమెడియన్ భుజం మీద చెయ్యి వేస్తాడు. వెనక అదో రకం మ్యూజిక్. కమెడియన్ ప్యాంటు పట్టుకుని పరుగో పరుగు. బస్సంతా ఒకటే నవ్వు. నేనూ కడుపు పట్టుకుని నవ్వాను, నవ్వుతూ మా వాడి తొడ మీద చరిచాను కూడా. వాడు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. బయట చీకటి తప్ప ఏమీ లేదు. నిద్రొస్తోందేమోనని నా దుప్పటి తీసి వాడికి కప్పాను.

వాడు నోరు తెరవడానికి ఆ తర్వాత నాలుగేళ్లు పట్టింది. ఒక ఆదివారం మిద్దె మీద ఆరిన బట్టలు తీస్తూ చెప్పాడు. తనకు మగవాళ్ల మీదే మనసు పోతుందని, తనకు సంబంధాలు చూడొద్దని. ఏం మాట్లాడాలో నాకు తెలియలేదు. ఇంతకాలం ఎందుకు దాచావురా అని మాత్రం అడిగాను. "ఆ రోజు బస్సులోనే చెబుదామనుకున్నా నాయనా. నువ్వు నవ్వినావు" అన్నాడు.

అయ్యా, ఆ నాలుగేళ్లు వాడు ఎలా గడిపాడో తర్వాత కొంచెం కొంచెంగా తెలిసింది. మా వాడి నడకలో, మాటలో మీ సినిమాల్లో చూపించేదేదీ లేదు. కాలేజీ టీమ్‌లో ఫాస్ట్ బౌలర్. కానీ హాస్టల్లో ఎవడో వాడి ఫోన్‌లో ఒక మెసేజ్ చూశాడట. ఇక వాడు ప్లేటు పట్టుకుని మెస్‌లోకి రాగానే ఆ సినిమా మ్యూజిక్ నోటితో వాయించేవాళ్లు. ఒక బల్ల దగ్గర మొదలైతే అన్ని బల్లలూ అందుకునేవి. చివరికి వాడు రాత్రి తొమ్మిదిన్నరకు, వంటవాళ్లు గిన్నెలు కడిగే వేళకు వెళ్లి, మిగిలింది తినేవాడు. బరువు తగ్గి వస్తే చదువు టెన్షన్ అనుకున్నాం. దసరాకు వాళ్లమ్మ గులాబీ రంగు చొక్కా కొంటే మడత కూడా విప్పలేదు. రంగు నచ్చలేదేమోనని ఆమె అంగడికి వెళ్లి బూడిద రంగుది మార్చుకొచ్చింది. ఆ మ్యూజిక్ ఆ పిల్లలు కనిపెట్టింది కాదు కదండీ. కుటుంబమంతా కూర్చుని చూడొచ్చని సర్టిఫికెట్ ఉన్న సినిమాలోదే.

"కామెడీని కామెడీగా చూడాలి" అని నాకు చాలామంది చెప్పారు. మా సీమవాళ్లకు ఆ మాట చెప్పకండి. సీమ అంటే కత్తులు, సుమోలు, నాటుబాంబులు అని ఏళ్ల తరబడి సినిమాల్లో చూపించారు. మా పిల్లలు పై ఊళ్లో అద్దె ఇల్లు అడిగితే "కర్నూలా?" అని ఒకసారి ఎగాదిగా చూస్తారు. అది కూడా సినిమానే కదా అని మేము ఊరుకున్నామా? ఎన్నిసార్లు అభ్యంతరం చెప్పలేదు?

సెన్సార్ కేంద్రం చేతిలో ఉందంటారు, తెలుసు. ఆ కేంద్రం 1991 డిసెంబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లోనే జాతి, మత, ఇతర వర్గాలను కించపరిచే దృశ్యాలు, మాటలు ఉండకూడదని ఉంది. ‘ఇతర వర్గాలు’ అంటే మా పిల్లలు కాదా? మా వాడిలాంటి వాళ్ల ప్రేమను నేరంగా చూసిన 377 సెక్షన్ మీద 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చినప్పుడు జస్టిస్ ఇందు మల్హోత్రా గారు, న్యాయం చేయడంలో ఇన్నాళ్ల ఆలస్యానికి చరిత్ర వీళ్లకూ వీళ్ల కుటుంబాలకూ క్షమాపణ చెప్పుకోవాలని రాశారు. కుటుంబాలకు కూడా అన్నారు. అది చదివి మా ఆవిడ చాలాసేపు ఏడ్చింది. 2024 జూలైలో అదే కోర్టు వైకల్యం ఉన్నవాళ్ల విషయంలో, వాళ్లను కించపరిచే హాస్యం వేరు, వాళ్ల జీవితాన్ని అర్థమయ్యేలా చేసే హాస్యం వేరు అని చెప్పింది. మా పిల్లల విషయంలోనూ ఆ గీత గీయమనే నా వేడుకోలు. సినిమాలో ఎద్దును చూపించాలన్నా జంతు సంక్షేమ బోర్డు దగ్గర కాగితం తెచ్చుకుంటారు. మా పిల్లల గురించి ఎవరినైనా ఒక్క మాట అడుగుతున్నారా?

మా ఆదోని పక్కనే సంతేకుడ్లూరు ఉంది. హోలీకి అక్కడ మగవాళ్లు చీర కట్టి, నగలు పెట్టుకుని, రతీమన్మథులకు మొక్కు తీర్చుకుంటారు. మీసాలున్న పెద్దమనుషులే. ఎవరూ ఎగతాళి చేయరు, పక్కకు జరిగి దండం పెడతారు. చీర కట్టడం వేరు, హిజ్రాలు వేరు, మగవాడు మగవాణ్ని ప్రేమించడం వేరు అని మా వాడే నాకు విడమరిచి చెప్పాడు. సినిమాలు అన్నిటినీ ఒక్క గిన్నెలో కలిపి పోశాయి.

టికెట్ రేట్లు పెంచుకోవడానికి నిర్మాతలు వచ్చేది మీ ప్రభుత్వం దగ్గరికే. వచ్చినప్పుడు ఈ ఒక్క మాట చెప్పండి. ఇలాంటి పాత్రలే వద్దని నేను అనడం లేదు. పాత్ర పెట్టండి, అందరిలాగే వాడికీ ఉద్యోగం, అమ్మ, బాధ, జోకు అన్నీ పెట్టండి. వాడు జోకు వేస్తే మేమూ నవ్వుతాం. మద్రాసు హైకోర్టు చెప్పాక తమిళనాడు ప్రభుత్వం 2022లో వీళ్ల గురించి గౌరవంగా వాడాల్సిన మాటల పట్టికను గెజిట్‌లో ప్రకటించింది. తెలుగులో అలాంటిది మీరు తెప్పించండి. పత్రికలకు, టీవీ కామెడీ షోలవాళ్లకు, కాలేజీలకు పంపించండి. ఏదో ఒకటి చేయండి. కనీసం నిర్మాతలతో ఆ మాట చెప్పండి.

మా వాడి అనుమతితోనే ఇదంతా రాశాను. పేర్లు రాయొద్దన్నాడు, రాయలేదు. సంక్రాంతికి ఇంటికొస్తానన్నాడు. మళ్లీ ఆ రాత్రి బస్సే, అందులో మళ్లీ ఏ సినిమా వేస్తారో తెలియదు. పాత అర్జీల నకళ్లు రెండూ జతచేశాను. ఈసారి ఒక కార్డు ముక్క అయినా రాయించండి.

ఇట్లు,
ఒక తండ్రి,
ఆదోని, కర్నూలు జిల్లా.